డాక్టరు గారి పాచి

పాచి అన్న మాట లేకపోతే ఆ డాక్టరు గారికి పూట గడవదు. పళ్ల మీది పాచి, పళ్ల సందుల్లో పాచి, చిగుళ్ల కింద నక్కిన పాచి, వీటిని గీకీ తోమీ ఆయన ఇల్లు కట్టారు, పిల్లకి చదువు చెప్పించారు, ఒంటికి ఇంత బొజ్జ కూడా సంపాదించారు. నోట్లో చిన్న అద్దం పెట్టి, "చూశారా, ఎంత పాచో" అని చూపించి, ఎదుటి మనిషి సిగ్గుతో చితికిపోయేదాకా వదిలే రకం కాదు. అలాంటాయన ఒకరోజు ఉన్నట్టుండి, తన ఆసుపత్రి ముందుగదిలో పాచి అన్న మాట ఎవరూ అనకూడదని కట్టడి చేశారు.

దానికి కారణం ఆ గదిలో గోడవారగా ఉన్న అద్దాల తొట్టి. మామూలు చేపల తొట్టిలాంటిది కాదది. సముద్రంలోంచి ఇంత ముక్క కోసుకొచ్చి గాజుగోడల మధ్య నిలబెట్టినట్టుంటుంది. అందులో ఉప్పునీళ్లు, బెజ్జాల రాళ్లు, ఆ రాళ్ల మీద పగడాలు, వాటి సందుల్లో రంగురంగుల చేపలు. పగడమంటే ఉంగరంలో పొదిగే ఎర్రరాయి అనుకునేవాళ్లే ఎక్కువ కాబట్టి, డాక్టరు గారు వచ్చినవాళ్లకల్లా విడమరిచి చెప్పేవారు. "ప్రాణమున్న జీవి అండీ అది. తింటుంది, పెరుగుతుంది, నచ్చకపోతే అలుగుతుంది కూడా." తొట్టి మధ్యలో ఉన్నది అన్నిటికన్నా పెద్ద పగడం. కింద తెల్లటి కొమ్మలు, కొమ్మకొమ్మకీ చివర ఒక తల, తల నిండా ఆకుపచ్చటి మెత్తని వేళ్లు. నీళ్లు కదిలినప్పుడల్లా ఆ వేళ్లన్నీ ఒక్కసారే ఊగుతాయి. పన్ను పీకించుకోవడానికి వచ్చినవాళ్లు కూడా వాటిని చూస్తూ కాసేపు తమ పన్ను సంగతి మర్చిపోయేవారు.

ఈ సముద్రం డాక్టరు గారి సొంతం కాదు, అక్కయ్య భర్తది. ఓడల్లో ఇంజనీరుగా చేసి మానేసిన ఆయన్ని ఇంటిల్లిపాదీ ఓడ బావ అంటారు. నీళ్లు లేనిదే ఉండలేని మనిషి కావడంతో, నేల మీదికొచ్చాక సముద్రాన్ని ఇంట్లోనే పెట్టుకున్నారు. ఆ పెద్ద పగడాన్ని కళ్లలో వత్తులు వేసుకుని పెంచారు. తీరా మేడ మీది వాటాలోకి మారాల్సి వచ్చేసరికి, అంత బరువు పైన పెడితే కప్పు కిందికొస్తుందని ఇంటివాళ్లు అడ్డం తిరిగారు. తొట్టి బావమరిది ఆసుపత్రికి చేరింది. నీళ్లు నింపి, పగడాన్ని రాతి మీద కుదురుగా కూర్చోబెట్టి, "ఏమోయ్, పిల్లనిచ్చుకున్నాను. ఆరళ్లు పెట్టకు మరి" అని ఓడ బావ అందరినీ నవ్వించారు. తను మాత్రం నవ్వలేకపోయారు. వీధిలోకి వెళ్లి కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకోవడం డాక్టరు గారు కిటికీలోంచి చూశారు. అది చూసిన దగ్గర్నుంచీ ఆ తొట్టి ఆయన మెడకి చుట్టుకుంది.

మొదట్లో అంతా బాగానే నడిచింది. తర్వాత ఒక రాతి మీద పచ్చటి నూగు కనిపించింది. బాగుంది, పచ్చగా ఉంది అనుకున్నారు డాక్టరు గారు. నూగు కాస్తా గడ్డమైంది. గడ్డం జడలు కట్టింది. పక్క రాతికి పాకింది, అద్దానికి ఎక్కింది, చివరికి పగడం కొమ్మల మొదళ్లు పట్టుకుని పైకి ఎగబాకడం మొదలుపెట్టింది.

అప్పుడే కట్టుడుపళ్లు సరిచేయించుకోవడానికి వచ్చిన ఒక పెద్దావిడ, ముందుగది నిండా జనం ఉండగా, తొట్టి దగ్గర నిలబడి పరీక్షగా చూసి అన్న మాట ఇది. "ఏం డాక్టరు గారూ, ఊరందరి పాచీ తీస్తారు గాని, మీ తొట్టికి ఇంత పాచి పట్టిందేమండీ?"

గది గదంతా నవ్వింది. ఆయన ముందు ఎప్పుడూ నోరు తెరవనివాళ్లు కూడా ఆ పూట పళ్లన్నీ బయటపెట్టి నవ్వారు. వాటిలో గారపట్టినవి ఎన్నో డాక్టరు గారికి అలవాటు కొద్దీ కనిపిస్తూనే ఉన్నాయి గాని, అనడానికి మొహం చెల్లలేదు.

"అది పాచి కాదండీ, నాచు" అన్నారు గంభీరంగా. "పాచి వేరు, నాచు వేరు. దీని జాతి వేరు, దాని జాతి వేరు."

ముందుగదిలో బల్ల దగ్గర కూర్చుని పేర్లు పిలిచేది ఆయన భార్యే. ఆవిడ తలెత్తకుండానే, "అంతేలెండి. ఎదుటివాళ్లదైతే పాచి, మనదైతే నాచు" అంది.

ఆ రోజు నుంచే కట్టడి. ఇంట్లో, ఆసుపత్రిలో, చివరికి ఫోన్లో కూడా అది నాచే. పాచి అన్నవాళ్లని డాక్టరు గారు అక్కడికక్కడే సరిదిద్దేవారు. భార్య దానికీ ఒక వంక పెట్టింది. పొద్దున్నే లేచి, "ఏమండీ, నాచిముఖంతో కాఫీ తాగకండి, పళ్లు తోముకోండి" అనేది. ఆయన పళ్లు నూరుకుంటూ వెళ్లి తోముకునేవారు.

మాట మార్చినంత మాత్రాన జడలు ఊడతాయా. డాక్టరు గారు యుద్ధానికి దిగారు. ఆయన దగ్గర ఉన్న ఆయుధం బ్రష్షు. కంపెనీల వాళ్లు ఊరికే ఇచ్చిపోయిన బ్రష్షులు సొరుగు నిండా ఉన్నాయి. పొద్దునా సాయంత్రం చొక్కా చెయ్యి భుజం దాకా మడిచి, తొట్టిలో చెయ్యి పెట్టి, రాళ్లని తోమేవారు. అదీ ఎలా, చిన్న చిన్న సున్నాలు చుడుతూ, కింది నుంచి పైకి, అచ్చం రోగులకు నేర్పినట్టే. తోముతున్నంతసేపూ రాళ్లు తెల్లగా మెరిసేవి, నీళ్లు మాత్రం పప్పులో ఆకుకూర కలిపినట్టయ్యేవి. మర్నాటికి నీళ్లు తేరుకునేవి. ఆ మర్నాటికి నాచు ఇంకో నాలుగు చోట్ల మొలిచేది.

నాచుని మేసే నత్తల్ని తెప్పించారు. అవి వచ్చిన రోజు కాస్త మేసి, ఆపైన అద్దం ఎక్కి కొత్తల్లుళ్లలా కదలకుండా కూర్చున్నాయి. వెలుతురు లేకపోతే చస్తుందని ఎవరో చెబితే తొట్టికి చుట్టూ నల్లగుడ్డ కప్పారు. ఏమైందని అడిగినవాళ్లకి భార్య, "చేపలకి కళ్లకలక అండీ, వెలుతురు చూడలేకపోతున్నాయి" అని మొహంలో నవ్వు కనిపించకుండా చెప్పింది. గుడ్డ తీసేసరికి నాచు పల్చబడింది. డాక్టరు గారు ఛాతీ విరుచుకుని తిరిగారు. ఆ ఛాతీ దిగేలోపే అది మళ్లీ గుబురుగా వచ్చింది.

ఈలోగా వారం వారం ఓడ బావ ఫోను.

"ఏమోయ్, నా పిల్ల ఎలా ఉంది?"

"బ్రహ్మాండంగా ఉంది బావా."

"ఒక ఫోటో పెట్టకూడదూ?"

"పెడతాను బావా. ఫోన్లో కెమెరా కొంచెం మసగ్గా ఉంది. బాగుచేయించి పెడతాను."

"నీ నోట్లో నీళ్లున్నట్టున్నాయే. పుక్కిలిస్తున్నావా, నములుతున్నావా?"

డాక్టరు గారు నములుతూనే ఉన్నారు. పగడం వేళ్లు ముడుచుకుంటున్న మాట, ఒక పక్క కొమ్మలు కొన్ని ఎముకలా తెల్లబోయిన మాట, ఆ ఎముకల్ని పచ్చగడ్డం కప్పేస్తున్న మాట ఆయన గొంతు దాటి రాలేదు. ఫోను పెట్టేశాక బ్రష్షు పట్టుకుని మళ్లీ తొట్టి దగ్గరికి వెళ్లేవారు. భార్య కూడా అలాంటప్పుడు వేళాకోళం ఆడేది కాదు.

నిజం ఎందుకు చెప్పలేదు అంటే, దానికి ఇంకో సంగతి చెప్పాలి.

పళ్ల డాక్టర్ని చూసి సంతోషించే మనిషి లోకంలో ఉండడు. ఈయన ఎంత మంచివారైనా సరే, వీధిలో ఎదురైతే జనం గబుక్కున పెదాలు బిగించేవారు, లేకపోతే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నమస్కారం పెట్టేవారు. పెళ్లిళ్లలో ఆయన పక్క కుర్చీ ఎప్పుడూ ఖాళీయే. పొరపాటున కూర్చున్నవాళ్లు మిఠాయి ముట్టుకునేవాళ్లు కాదు. ఆసుపత్రిలో ఆయన లోపలి గది తలుపు తీసి ముందుగదిలోకి తొంగిచూస్తే చాలు, మాటలు ఆగిపోయేవి, పిల్లలు తల్లుల కొంగుల్లో దూరేవారు. ఇన్నేళ్లుగా ఇంతే. ఆయన అలవాటు పడ్డట్టే కనిపించేవారు.

తొట్టి వచ్చాక ఒక వింత జరిగింది. ఆయన తలుపు తీయగానే, నారింజరంగు మీద తెల్లచారలున్న జంట చేపలు, వాటి వెనక ఒక నీలం చేప, దాని వెనక పసుపుది, అన్నీ అద్దం దగ్గరికి పరిగెత్తుకొచ్చేవి. తోకలూపుతూ ఆయన ఎటు నడిస్తే అటు వచ్చేవి. మొదటిసారి అలా వచ్చినప్పుడు డాక్టరు గారు ఎవరి కోసం వచ్చాయా అని వెనక్కి తిరిగి చూశారు. వెనక ఎవరూ లేరు. ఆ పూట ఆయన ముట్టుకున్న పళ్లు ఒక్కటీ నొప్పి పెట్టలేదని రోగులు చెప్పుకున్నారు.

అప్పట్నుంచీ ఒక మనిషికీ ఇంకో మనిషికీ మధ్య చేతులు కడుక్కుని ముందుగదిలోకి వచ్చి, చిటికెడు మేత వేసి వెళ్లడం ఆయనకి అలవాటైంది. రద్దీ ఉన్న రోజు చిటికెలు ఎక్కువ పడేవి. "అజీర్తి చేస్తుందండీ వాటికి" అని భార్య అంటే, "చిటికెడేగా, ఎలా చూస్తున్నాయో చూడు" అనేవారు. బావకి నిజం చెబితే ఆయన ఆ క్షణాన బయల్దేరి వచ్చి పగడంతోపాటు చేపల్నీ ఇంకెక్కడికైనా పట్టుకుపోతారు. అదీ ఆయన భయం.

భయపడ్డదే ఎదురొచ్చింది. ఒక సాయంత్రం ఓడ బావ గొంతు ఫోన్లో గంతులేసింది. "ఏమోయ్, మెట్లెక్కలేక మీ అక్కయ్య మోకాళ్లు మొరాయించాయి. నేల మీది ఇల్లే తీసేసుకున్నాం. హాలు ఎంత పెద్దదనుకున్నావు, ఇద్దరం చెరో మూలా కూర్చుంటే కేకలేసుకోవాలి. కొత్త తొట్టి కూడా నింపేశాను. నెలాఖరు ఆదివారం వస్తున్నాను. నా పిల్లనీ, చేపల్నీ సర్ది ఉంచు."

డాక్టరు గారి గుండెల్లో రాయి పడింది. ఆ రాతికీ నాచు పట్టే ఉంటుందని భార్య అంది గాని, ఆయన మొహం చూసి వెంటనే నాలుక కరుచుకుంది. "ఇంకా రోజులున్నాయిగా. ఏదో ఒకటి చేద్దాం" అంది.

ఏం చెయ్యాలో తెలిస్తే గదా. తోమకం రెట్టింపు చేశారు. నాచూ రెట్టింపైంది.

ఆ వారంలోనే సంగీతం చెప్పే టీచరమ్మ ఒకావిడ వచ్చి కుర్చీలో కూర్చుంది. రోజుకి మూడుపూటలా తోముకుంటున్నానని, అయినా పళ్లు గారపడుతున్నాయని ఆవిడ మొర. డాక్టరు గారు అద్దం పెట్టి చూశారు. ఇలాంటివాళ్లకి ఆయన దగ్గర ఒక ఉపన్యాసం సిద్ధంగా ఉంటుంది. గీకడం మొదలుపెట్టి దాన్నీ మొదలుపెట్టారు.

"తోముతున్నారు సరేనమ్మా, తినడం సంగతేమిటి? పాఠానికీ పాఠానికీ మధ్య ఏమైనా నోట్లో వేసుకుంటారా?"

"ఆ" అంది టీచరమ్మ. నోరు తెరిచి ఉన్నప్పుడు అంతకన్నా ఏమీ అనలేరు.

"గొంతు ఆరిపోతుందని చప్పరింపు బిళ్లలు. అవునా? ఒక్కటేగా అనుకుంటారు. ఒక్కొక్కటీ కలిసి రోజంతా అవుతుంది. పాచి దేంతో బతుకుతుందనుకున్నారు? మీరు వేసేదే తిని బతుకుతుంది. పాచికి మేత మీరే వేస్తున్నారు. మేత వేస్తూ ఎంత తోమితే ఏం లాభం? పైగా తోమిందంతా పుక్కిలించి ఉమ్మేయాలి గాని, నోట్లోనే ఉంచుకుంటే మళ్లీ..."

ఆయన చెయ్యి ఆగిపోయింది. పాచికి మేత అన్న మాట ఆయన చెవిన ఆయనకే పడింది.

చిటికెడేగా అనుకుంటూ, ఒక మనిషికీ ఇంకో మనిషికీ మధ్య, రోజంతా వేసింది ఎవరు? పొద్దునా సాయంత్రం రాళ్లు తోమి, ఊడిన పోగులన్నీ ఆ నీళ్లలోనే వదిలేసి, ఒక్కనాడూ బయటికి ఉమ్మించనిది ఎవరు? ఒక్కో పోగూ ఇంకో రాతి మీద కూర్చుని ఇంకో మొక్క అయింది. ఎదురుగా ఉన్న ఏ నోటినైనా చూసీచూడగానే జబ్బేమిటో చెప్పగలిగిన మనిషి, దానికి నాచు అని ఇంకో పేరు పెట్టుకుని, వేరే జాతి అనుకుని, తనకి తెలిసిన వైద్యమంతా పక్కన పెట్టేశారు.

"ఆ?" అంది టీచరమ్మ, నోట్లో పరికరం ఉండిపోవడంతో.

"పాచి" అన్నారు డాక్టరు గారు.

పరికరం తీసి, ఆవిణ్ణి పుక్కిలించమని, ఉన్నపళాన ముందుగదిలోకి వచ్చారు. చేపలు పరిగెత్తుకొచ్చాయి. ఆయన వాటివంక చూడలేదు. భార్య దగ్గరికెళ్లి, గదిలో ఉన్నవాళ్లందరికీ వినపడేలా, "అది పాచే" అన్నారు.

భార్య కలం కింద పెట్టింది. "నాకు మొదటిరోజే తెలుసండీ. మీకు చెప్పాలంటే ఏ భాషలో చెప్పాలో తెలియలేదు" అంది.

ఆ సాయంత్రం నుంచే అసలు వైద్యం మొదలైంది. రాళ్లని ఒక్కొక్కటే బయటికి తీసి, ఉప్పునీళ్ల బేసినులో తోమి, ఇంకో బేసినులో జాడించి, ఆ నీళ్లు పారబోశారు. పగడం ఉన్న పెద్ద రాయి బయటికి రాదు కాబట్టి, దాని పాచిని సన్నటి గొట్టంతో, రోగుల నోట్లో ఉమ్మి పీల్చినట్టే, పీల్చేశారు. మేత రోజుకి ఒక్కపూట, అదీ భార్య చేతి మీదుగా. డాక్టరు గారి చేతికి మేత డబ్బా అందకుండా ఆవిడ దాన్ని బల్ల సొరుగులో పెట్టి తాళం వేసింది.

పాచి తగ్గుముఖం పట్టింది. రాళ్ల అసలు రంగు బయటపడుతోంది. కాని డాక్టరు గారు తొట్టి పని చేసేదంతా దీపాలు తీసేశాక, చేపలు రాళ్లలో దూరి పడుకున్నాకే. పగటిపూట ముందుగదిలోకి రావడం మానేశారు. పెరటి తలుపు నుంచి వచ్చి, పెరటి తలుపు నుంచి వెళ్లేవారు. తన దగ్గరికి రావడానికి భయపడే రోగులు వీధి చివర దాకా వచ్చి వెనక్కి తిరిగిపోయినట్టు, ఆయన లోపలి గది తలుపు దాకా వచ్చి ఆగిపోయేవారు.

"ఎందుకండీ అలా మొహం చాటేస్తారు? అవేమైనా అప్పులవాళ్లా?" అంది భార్య.

"వట్టి చేతులతో ఎలా వెళ్లను" అన్నారాయన. మళ్లీ తనే, "వెళ్తే అవి రాకపోతే?" అన్నారు. భార్యకి రాబోయిన నవ్వు ఆగిపోయింది.

నెలాఖరు ఆదివారం ఓడ బావ దిగారు. మూతలున్న పెద్ద బకెట్లు రెండు, చేపలు పట్టే వల, దారిలో నీళ్లలోకి గాలి ఊదే చిన్న యంత్రం, అన్నీ సర్దుకుని పెళ్లివారిలా వచ్చారు. ఆసుపత్రికి సెలవు. డాక్టరు గారి భార్య తలుపు తీసింది. "చెల్లెమ్మా, పిల్లని ముస్తాబు చేశారా?" అంటూ లోపలికొచ్చి, తొట్టి ముందు నిలబడిపోయారు.

పెరటి తలుపు నుంచి వచ్చిన డాక్టరు గారు లోపలి గది గుమ్మంలోనే ఆగారు. ఓడ బావ వీపు మాత్రం కనిపిస్తోంది. పగడంలో ఒక పక్క కొమ్మలు మాత్రమే వేళ్లు విప్పి ఊగుతున్నాయి. తక్కినవి వట్టి ఎముకలు. వాటి మొదళ్లలో ఇంకా కాస్త పచ్చగడ్డం వేలాడుతోంది. ఓడ బావ కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చూశారు.

"ఫోన్లో బ్రహ్మాండం అన్నావు" అన్నారు చివరికి, వెనక్కి తిరగకుండానే.

"అన్నాను బావా."

"అప్పుడే చెబితే నేనొచ్చి సగం పైన బతికించుకునేవాణ్ణి."

"మీరొస్తే చేపల్ని కూడా పట్టుకెళ్లిపోతారని చెప్పలేదు." డాక్టరు గారు గుమ్మంలోంచే చెప్పారు. "ఈ ఊళ్లో నన్ను చూసి ఎదురొచ్చేవి అవే బావా. తక్కినవాళ్లంతా నోరు మూసుకుని పక్కకి తప్పుకుంటారు. అవి వస్తున్నాయని రోజంతా మేత వేశాను. ఆ మేతే పాచి అయింది, ఆ పాచే మీ పగడాన్ని తినేసింది. తెలిసి చేయలేదు. కాని చేసింది నేనే."

ఓడ బావ ఇటు తిరిగారు. బావమరిదిని చూడగానే ఆయన చెయ్యి అలవాటు ప్రకారం నోటికి అడ్డం వెళ్లబోయింది. సగంలో ఆగి, మెల్లగా కిందికి దిగింది. డాక్టరు గారు అది చూశారు. చూసినట్టు ఓడ బావకీ తెలిసింది.

"బతికున్న కొమ్మల్ని చచ్చినవాటి నుంచి విడదీయాలి" అన్నారు ఓడ బావ, తొట్టి వైపు తిరిగి. "లేకపోతే ఆ పాచి వీటి మీదికీ ఎక్కుతుంది. నేను చెయ్యలేను, చెయ్యి వణుకుతుంది. నువ్వే తియ్యి."

ఓడ బావ పగడాన్ని పెద్ద రాతి నుంచి ఊడదీసి, ఉప్పునీళ్ల గిన్నెలో లోపలి గదికి తెచ్చారు. పరికరాల బల్ల మీద పెట్టారు. ఆ గదిలో కూర్చోవడానికి ఉన్నది రోగి కుర్చీ ఒక్కటే. ఓడ బావ దాన్ని రెండుసార్లు చుట్టి చూసి, తప్పక ఎక్కి కూర్చున్నారు. డాక్టరు గారు డ్రిల్లుకి చిన్న చక్రం బిగించారు. అది గీ అని మోగగానే ఓడ బావ రెండు చేతులతో కుర్చీ చేతుల్ని బిగపట్టి కళ్లు మూసుకున్నారు.

"నొప్పి ఉండదు బావా."

"దానికా, నాకా?"

"ఇద్దరికీ. కొంచెం ఓర్చుకోండి."

డాక్టరు గారు ఆ రోజు పని చేసినట్టు ఎన్నడూ చేయలేదు. పచ్చటి తలకి తగలకుండా, తెల్లటి ఎముక దగ్గర, వెంట్రుకవాసి అటూ ఇటూ కాకుండా కోశారు. ఒక్కో కొమ్మా విడిపోయినప్పుడల్లా నీళ్లు చల్లారు. భార్య పక్కన నిలబడి గిన్నెలందించింది. ఓడ బావ మధ్యమధ్య, "అయిందా?" అని అడుగుతూనే ఉన్నారు గాని కళ్లు తెరవలేదు. బతికిన తలలన్నీ గిన్నెలోకి చేరాక, "అయిపోయింది, చూడండి" అన్నారు డాక్టరు గారు. ఓడ బావ ఒక కన్ను తెరిచి గిన్నెలోకి చూశారు. ముడుచుకున్న వేళ్లలో ఒకటి మెల్లగా విచ్చుకుంటోంది. "చెయ్యి మంచిదే నీది" అన్నారు. కుర్చీ దిగుతూ, "ఇన్నేళ్లూ ఎవరెవరి దగ్గరికో వెళ్లాను నా పళ్లు చూపించుకోవడానికి" అని గొణిగారు.

సగం తలల్ని ఓడ బావ తన మూత డబ్బాలో పెట్టుకుని, సగాన్ని "నీ దగ్గర ఉండనీ" అంటూ తొట్టిలో కడిగిన రాతి మీద కుదిర్చారు. ఇక చేపల వంతు వచ్చింది. ఓడ బావ బకెట్ల మూతలు తీసి, వల పట్టుకుని తొట్టి ముందుకెళ్లారు. తన చేత్తో పెంచిన చేపలు. అద్దం మీద వేలితో మెల్లగా కొట్టారు. అవి రాళ్ల వెనక్కి వెళ్లి దాక్కున్నాయి. ఇంకోసారి కొట్టారు. పసుపుది తొంగిచూసి మళ్లీ లోపలికి పోయింది.

"మర్చిపోయాయి నన్ను" అన్నారు ఓడ బావ. నవ్వుతూనే అన్నారు గాని, అందులో నొప్పి ఉంది. "ఏమోయ్, నువ్వొచ్చి పిలువు."

"నేను రాను బావా."

"ఎందుకు రావు?"

"మేత మానేశాక వాటికి కనిపించలేదు. ఇప్పుడు నా దగ్గర ఏమీ లేదు."

ఓడ బావ వెళ్లి ఆయన మోచెయ్యి పట్టుకుని లాక్కొచ్చారు. డాక్టరు గారు తల వంచుకుని తొట్టి ముందు నిలబడ్డారు. చేతులు రెండూ ఖాళీగా వేలాడుతున్నాయి. కాసేపు ఏమీ కదల్లేదు. తర్వాత రాతి చాటు నుంచి చారల చేప ఒకటి బయటికొచ్చింది, దాని వెనక రెండోది. నీలం చేప, పసుపుది, అన్నీ వచ్చి అద్దానికి మూతులానించాయి. డాక్టరు గారు నమ్మలేక రెండడుగులు పక్కకి జరిగారు. అవీ జరిగాయి. మేత కోసం పైకి ఎగిరింది ఒక్కటీ లేదు. ఆయన మొహం ఎదురుగా నిలబడి తోకలూపుతున్నాయి, అంతే. డాక్టరు గారు అద్దం మీద అరచెయ్యి ఆనించారు.

ఓడ బావ చేపల్నీ బావమరిదినీ మార్చి మార్చి చూశారు. వల మడిచి సంచిలో పెట్టారు. బకెట్ల మీద మూతలు మళ్లీ బిగించారు. పగడం డబ్బా ఒక్కటే చంకలో పెట్టుకున్నారు.

"చేపలో అన్నయ్యగారూ?" అంది డాక్టరు గారి భార్య.

"కొత్త ఇంట్లో వాటికి చోటెక్కడిదమ్మా, అగ్గిపెట్టంత హాలు" అన్నారు ఓడ బావ. "ఈ బకెట్లు ఇక్కడే ఉంచండి. మీ ఆయనకి రాళ్లు కడుక్కోవడానికి పనికొస్తాయి."

చెప్పులు తొడుక్కుని, వెనక్కి తిరిగి చూడకుండా వీధిలోకి నడిచారు. డాక్టరు గారు రెండు బకెట్లూ పట్టుకుని పెరట్లోకి వెళ్లారు. అక్కడ కుళాయి తిప్పి, ఆ చప్పుడులో తనివితీరా ఏడ్చారు.